బొట్టు పెట్టిన స్పీకర్లు

హలో… ఆఁ, నేనే విమలా, వసుమతిని. చెప్పు.

లేదు, పడుకోలేదు. భోజనాలయ్యాయి, గిన్నెలు కడుగుతున్నాను… ఫోన్ తీగ సింకు దాకా వస్తుందిలే. మాట్లాడు.

ఔనా. స్పీకర్లు కొనేశారా?

మంచి పని చేశారు. ఎప్పటినుంచో అనుకుంటున్నారు. మీ దేవకుమార్ గారైతే, సినిమాలో మాటలు వినపడక పెదాలు చూసి కథ తెలుసుకుంటున్నానని నవ్వేవారు… మరి అన్నీ కాపీకి కాపీ తీసిన వీడియో కేసెట్లాయె.

నాలుగు కాదూ… రెండే తీసుకున్నారా? అదే నయం విమలా. ఉన్న డబ్బులో చిన్నవి నాలుగు కొని నాలుగు మూలలా పెట్టేకంటే, మంచివి రెండు టీవీకి అటూ ఇటూ పెట్టుకోవడమే మేలు. వెనకవి మెల్లిగా కొనుక్కోవచ్చు… అంతే, మనకేం గుండెలదిరే చప్పుడు అక్కర్లేదు. మాట తెలిస్తే చాలు.

షాపులో మీ చర్చి పాటల కేసెట్ పెట్టి విన్నారా? బాగుంది. తెలిసిన గొంతులు పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

మా వాటిలాంటివా…

లేదు, ఏం లేదు. సబ్బు చెయ్యి, ఫోన్ జారింది. చెప్పు.

అదే కంపెనీ… అదే చెక్క రంగు. ఆ శనివారం మా ఇంట్లో విన్నప్పుడే మనసుపడ్డారా ఆయన? ఊఁ… మాల్ పక్కన స్టీరియో షాపులోనే.

ఓపెన్ బాక్స్.

…ఎవరో కొని రిటర్న్ చేసేశారని తగ్గించి ఇచ్చాడన్నమాట.

ఊఁ, వింటున్నాను. కొనేముందు నాకొక్క ఫోన్ చెయ్యకపోయావా విమలా… ఎందుకని కాదు, ఊరికే. ఎవరినైనా అడుగుతాం కదా.

బొట్టా?

…స్పీకరు మీద బొట్టేమిటి?

ముందున్న నల్లగుడ్డ మీద, కింది మూలన. తుడిచినా కుంకుమ నేతలో ఉండిపోయింది… రెండిటికీనా.

మనవాళ్ళే అయుంటారు. అమెరికా అయినా ఈ ట్రాయ్‌లో తక్కువమంది ఉన్నామా. తమిళులో, గుజరాతీలో… వాళ్ళూ పెడతారు, పెట్టకేం.

అదేం ప్రశ్న. తుడిస్తే పాపం ఎందుకవుతుంది?

…మీకా పట్టింపు లేకపోయినా, ఎవరో భక్తిగా పెట్టుకున్నారని అలాగే ఉంచావా.

తడిగుడ్డ పెట్టి తుడిచెయ్ విమలా. ఏ పాపమూ లేదు. ఆ పెట్టినావిడ భక్తి ఏపాటిదో నీకేం తెలుసు.

ఏం లేదు, మాటవరసకన్నాను. సరే మరి, మళ్ళీ మాట్లాడుకుందామా, ఇక్కడ పనంతా అలాగే…

గరగరమంటోందా?

ఎడమదా, కుడిదా… ఎడమది. మగవాళ్ళు మాట్లాడినప్పుడల్లా. షాపులో మరి… ఔనులే, మీ కేసెట్‌లో అన్నీ సన్నని ఆడగొంతులే, అక్కడ తెలిసి ఉండదు.

జగన్మోహన్ గారినడిగితే తెలుస్తుందన్నారా మీ ఆయన? మావారు… లేరు. బయటికెళ్ళారు. రాగానే అడుగుతాను.

తీగలు కలిపింది నువ్వా?

…పుస్తకం చూసి జాగ్రత్తగానే కలిపావు కదా. దానికే అంత మాట అన్నారా. మొన్నటినుంచీ మాట్లాడటం లేదా… విమలా, ఏడుస్తున్నావా? ఊరుకో. ఊరుకో తల్లీ.

నీ తీగల వల్లే పాడైందని ఆంప్లిఫయర్ రిపేరుకిస్తారా, రేపేనా? స్పీకర్లు వాపసిచ్చేయొచ్చు కదా… ఔను, ఓపెన్ బాక్స్‌వి వాడు మళ్ళీ తీసుకోడు.

ఒక్క నిమిషం. లైన్లోనే ఉండు. పెట్టెయ్యకు.

— ఏమండీ, ఆ చేతులూపడం ఆపండి. వినపడదు, చెయ్యి అడ్డం పెట్టాను… విమల. మనం రిటర్న్ చేసిన స్పీకర్లే కొన్నారట. అవే. నేను పెట్టిన బొట్టు కూడా ఉంది… ఎడమది గరగరమంటోందట. మరి ఆ ఫైటింగ్ సీను దగ్గర మీరు సౌండు నాబ్ చివరిదాకా తిప్పలేదూ… ఎలా ఊరుకోమంటారు. తను తీగలు తప్పు కలిపిందని ఆయన ఆ పిల్లతో మాట్లాడటం మానేశారట… తెలిస్తే తెలియనివ్వండి ఊరంతా. మీరు పైకి వెళ్ళండి. మీరుంటే నాకు చెప్పడానికి నోరు రాదు. వెళ్ళండి.

హలో. ఆఁ, విమలా.

ఆయన రావడం కాదు… ఇందాకటినుంచీ ఇంట్లోనే ఉన్నారు. లేరని అబద్ధం చెప్పాను.

నువ్వు కలిపినదాంట్లో తప్పేం లేదు. ఆంప్లిఫయర్ విప్పించొద్దని చెప్పు దేవకుమార్ గారితో. ఎడమ స్పీకరులోనే ఉంది లోపం. ఆ నల్లగుడ్డ ఊడదీసి చూస్తే లోపల గరాటులా నల్లటి అట్ట ఉంటుంది చూడు, అది అంచున చిరిగింది.

ఎలా తెలుసంటే… ఆ బొట్టు పెట్టింది నేను.

విమలా?

ఆఁ. మా ఇంట్లో మీరు విన్నవే అవి. మీరంతా శనివారం సినిమాకి వస్తున్నారని శుక్రవారం కొనుక్కొచ్చాం. సోమవారం రిటర్న్ చేసేశాం.

బాగా లేక కాదు. ఇచ్చేసేందుకే తెచ్చాం.

చిరిగిందని ముందు తెలీదు. ఆదివారం వార్తలు పెడితే గరగరమంది. ఇద్దరం విన్నాం. విననట్టే ఊరుకున్నాం… షాపువాడు ఎందుకిచ్చేస్తున్నారంటే, మా గదికి మరీ పెద్దవైపోయాయని చెప్పాం. వాడు నవ్వి డబ్బు చేతిలో పెట్టాడు. ఎవరో ఒకరు కొంటారని తెలుసు విమలా. ఆ ఎవరో ఒకరికి మొహం ఉంటుందని అనుకోలేదు.

ఔను, దేవకుమార్ గారు అడిగారు ఎంత పడిందని. కాఫీ అందిస్తూ సేల్‌లో దొరికాయిలెండి అన్నాను. గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి.

బొట్టా… అలవాటు. గుమ్మంలోకి కొత్త వస్తువొస్తే చెయ్యి ఊరుకోదు. తిరిగిచ్చేసేదానికి కూడా బొట్టేనా అని ఈయన నవ్వారు కూడా.

నువ్వూ నవ్వుతున్నావా… లేదా. సరే.

ఎందుకంటే ఏం చెప్పమంటావు. అందరూ మా ఇంటికి రావడం అదే మొదలు. అంతకుముందు మనం సినిమా చూసిన శశికళ గారి బేస్‌మెంట్ చూశావుగా, సినిమా హాల్లో కూచున్నట్టుంది. మా టీవీ పెడితే వెనక వరసకి ఒక్క ముక్క వినపడదు. మర్యాదకి బాగుందంటారు, కార్లో వెళ్తూ చెప్పుకుంటారు… నువ్వనవు. నువ్వనవని తెలుసు.

అవి మేం తీసుకెళ్ళిపోతాం. రేపు మీ కేసెట్ పట్టుకుని షాపుకెళ్ళి, కొత్తవి మీరే విని ఎంచుకోండి, ఆ ఖర్చు… వద్దనకు. నా మాట విను.

దేవకుమార్ గారికలా చెప్పొద్దు. షాపువాడి మోసమని నువ్వెందుకు చెప్పాలి, నన్ను కాయడానికా? వద్దు. ఆయన్ని పిలు, నేనే చెబుతాను.

ఏమన్నావు?

…మగవాళ్ళ ఆర్భాటమంటావా. అక్కా నువ్వు ఇలాంటివి చెయ్యవు, ఆయనే చేయించి ఉంటారనా.

ఆగు విమలా. అలా అనకు. ఆయన వద్దనే అన్నారు. ఎంత వినపడితే అంతే విందాం, వాళ్ళేమైనా పరాయివాళ్ళా అన్నారు. కొనితెచ్చి ఇచ్చేద్దామన్నది నేను. పక్కింటావిడ వాడిన కాఫీ మెషీన్ రిటర్న్ చేసిందని చెప్పి ఒప్పించింది నేను. షాపులో గది చిన్నదని చెప్పిందీ నేనే, ఇంగ్లీషు నాది బాగుంటుందని. నాబ్ తిప్పడమొక్కటే ఆయన పని. అదీ, ఇంకాస్త పెంచండి, వెనకవాళ్ళకి వినపడటం లేదని నేను అంటేనే తిప్పారు.

…

విమలా, ఉన్నావా?

…ఆయన పక్కకొచ్చారా. ఇవ్వు. ఫోన్ ఆయనకివ్వు.

నమస్కారమండీ. వసుమతిని. ముందు ఒక్కమాట, విమలనేమీ అనకండి, తీగలు సరిగ్గానే కలిపింది. ఆ స్పీకర్లు మావి… మీరు విన్నవేనండీ. చిరిగినవని తెలిసే రిటర్న్ చేశాం. మావారిని పిలవక్కర్లేదు, చేసింది నేను.

…

అలా అనకండి. పర్వాలేదని మీరంటుంటే ఇంకా… లేదండీ, తిట్టినా బాగుండేది.

ఈ శనివారమా? మీ ఇంటికి ఏ మొహం పెట్టుకుని… అలాగేనండీ. మీరంతగా అంటున్నారు. వస్తాం. ముందర కొత్త స్పీకర్లు పెట్టించాకే వస్తాం.

విమలకొకసారి ఇస్తారా?

…

పనిలో ఉందా. పర్వాలేదు, చేతిలో పని కానివ్వండి, నేను లైన్లో ఉంటాను.

…

ఫోన్ దగ్గరికి రానందా.

లేదండీ, బలవంతం చెయ్యకండి. వద్దు. పిలవకండి… ఏమీ చెప్పొద్దు. ఉంటానండీ.