మూడిళ్లకు ఒకటే చీటీ

పిల్లలూ, పచ్చడి జాడీ మన వంటింట్లో ఉంది. "జాడీ ఇక్కడే ఉంది" అని చీటీ రాసి, అదే చీటీ మూడిళ్లలో అంటిస్తే ఎన్నిళ్లలో పచ్చడి దొరుకుతుంది? తొందరపడకండి. ముందు దుర్గేష్ సంగతి వినండి.

ఏలూరు బస్టాండు పక్కన సలోమి టీ కొట్టు. వెబ్‌సైట్లు చేసే దుర్గేష్ ఆ పూట గొంతు సవరించుకున్నాడంటే కారణం లేకపోలేదు. ఎదురుగా మండవల్లి చేపల రైతుల సంఘం పెద్ద బాలస్వామి గారు కూర్చున్నారు. రోజూ రేట్లు చూసుకునే సంఘం సైటు, పొద్దున్నే జనమంతా ఒక్కసారి మీదపడితే కూలబడుతోంది. దాన్ని నమ్మి ఎవరికప్పగించాలో ఆయన తేల్చుకోవాలి.

"నిన్న నమూనాగా ఇంకో రెండు సర్వర్లు చేర్చానండి" అని దుర్గేష్ నెమ్మదిగానే మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లను మూడింటికీ వంతులవారీగా పంచడానికి ముందు లోడ్ బ్యాలెన్సరును నిలబెట్టాడట, సలోమి టీ వడకట్టేలోగా పనయిపోయిందట. "ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ?" ఏలూరంతా చూసినా సైటుకి చెమట పట్టలేదట, తాడేపల్లిగూడెం తోడైనా తొణకలేదట, చివరికి కొల్లేటి కొంగలు కూడా రేటు చూసుకుని ఖరీదైన చేపలున్న చెరువు మీదే వాలుతున్నాయట.

"కొంగలకు ఫోన్లెవరిచ్చారు బాబూ?" అంది సలోమి.

"గట్టు మీద కాపలావాళ్ల ఫోన్లోకి తొంగిచూస్తాయి పిన్నిగారూ. పాత సర్వర్లోని సెట్టింగులు ఒక్క అక్షరం మార్చకుండా కొత్త రెండింట్లోనూ దించాను. అదండీ పనితనం."

బస్సు కోసం చూస్తున్న కంప్యూటరు టీచరు హెప్సిబా గ్లాసు కింద పెట్టింది. "రేట్లన్నీ ఉండే డేటాబేస్ ఏ సర్వర్లో ఉందండీ?"

"పాతదాంట్లోనే, భద్రంగా."

"సెట్టింగుల్లో అది ఎక్కడుందని రాసుంది?"

"ఈ మెషీన్లోనే అని..." దుర్గేష్‌కి పొలమారింది.

ఆవిడ ఫోను తీసి సైటు మూడుసార్లు తెరిచింది. ఒకసారి రేటు వచ్చింది. రెండుసార్లు సైటు తెల్లమొహం వేసింది.

బాలస్వామి గారు ఫోన్లోకి వంగి చూశారు. "బాబూ, కొంగలు తర్వాత చూసుకుంటాయి గానీ, ముందు నాకు కనబడనివ్వు. మండవల్లి బస్సొచ్చేలోగా సరిచేస్తే పని నీదే."

దుర్గేష్ అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాడు. రెండు కొత్త సర్వర్లలోనూ "ఈ మెషీన్లోనే" అన్నది తీసేసి పాతదాని చిరునామా రాశాడు. మూడుసార్లకు మూడుసార్లూ రేటు వచ్చింది. పనీ వచ్చింది, హెప్సిబా చూశాకే గొప్పలు చెప్పాలన్న షరతుతో.

"పచ్చడి ఒక్కింట్లోనే కదా అమ్మమ్మా" అంటోంది మా మనవరాలు తేజశ్రీ.

అంతేనమ్మా. ఇక నన్ను లేవనివ్వండి, ఆ జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టకుండానే వచ్చేశాను.