పచ్చలైటు

ఫిన్లాండులోని టాంపెరే ఊళ్లో ఓ కారు షెడ్డు. గిటార్ పరికరాలు అమర్చే రాక్ పెట్టె వెనక వైర్లన్నీ ఒకేచోట గుచ్చుకునేలా రేకు పలకకి సాకెట్లు బిగిస్తున్నాడొకతను. గిటార్ వాయించే నేస్తం పక్కనే నిలబడ్డాడు.

“శబ్దం బయటికెళ్లే సాకెట్ పక్కన ఓ లైటు పెట్టరా.”

“లైటెందుకు? మోగితే వినబడదూ?”

“స్టేజీ మీద గోల కదా. పెట్టు.”

“చెవుల డాక్టరమ్మ ఏమంది?”

“ముసలాడివయ్యావంది. వేసవి కచేరీలకి ఒప్పేసుకున్నాను. బ్యాండులో మనవాళ్ల దగ్గర నోరు జారకు.”

“సరేలే. ఇదిగో, పెట్టాను. ఆన్ చేస్తున్నా.”

పచ్చలైటు వెలిగింది. సాకెట్ల లోపలి తీగలేవో రేకుకి తగిలినట్టున్నాయి, కందిరీగల తుట్టె కదిపినట్టు స్పీకరు హోరెత్తింది. అతను గబుక్కున స్విచ్చి మీదికి చెయ్యి చాపాడు.

“ఆపకురా! చూశావా, ఎంత శుభ్రంగా ఉందో! చిన్న రొద కూడా లేదు.”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెదాలు కనబడేలా నేస్తంవైపు తిరిగాడు.

“అవును, లేదురా.”