బావికి పానకం పోసిన పేరంటాలు

పేరంటాలని ఒకావిడ, ఇడ్లీ పిండి పులవబెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. పక్కూరోళ్ళు కూడా పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళంట. అట్టాంటిది ఏమైందంటే, ఊరి పైనొక తోళ్ళ షెడ్డు పెట్టారు. ఆ తోళ్ళు నానేసిన మందునీళ్ళు గుంటల్లోకి వదిలారు. అవి భూమిలోకి ఇంకి ఇంకి ఈవిడ పెరటి బావిలోకొచ్చాయి. చేద పైకి లాగితే నీళ్ళు పసుపు కలిపినట్టుండేవంట! గొడవయ్యేసరికి షెడ్డాయన తాళమేసి పోయాడు, విషం మాత్రం ఇక్కడే ఉండిపోయింది. "పంపు నీళ్ళతోనే రుబ్బుతున్నానయ్యా" అని పేరంటాలు ఎంత మొత్తుకున్నా ఒక్కడూ రాలా. పొయ్యి ఆరిపోయిందనుకో.

అప్పుడు యాస్మినని, నీళ్ళ మీద చదువుకునే పిల్ల, ఒక గొట్టమూ బిందెడు బెల్లం నీళ్ళూ పట్టుకుని దిగింది. బావిలోకి పోస్తోంది. పేరంటాలు ఊరుకుంటుందా? "ఏంటమ్మాయ్, నా బావికిప్పుడు శ్రీరామనవమా?" అంది. "బావిక్కాదు పెద్దమ్మా, అడుగు మట్టిలో ఉన్న సూక్ష్మజీవులకి" అంది ఆ పిల్ల. "నువ్వు తెచ్చి వదిలావా?" "లేదు, నీ బావిలోవే. తిండి లేక పడున్నాయి. ఈ బెల్లం తిన్నాయంటే ఆ పసుపు విషాన్ని విషం కాకుండా మార్చేస్తాయి. అది మట్టికి పట్టేసి అడుగునే ఉండిపోద్ది." "కనపడతాయా?" "కనపడవు." "కుడతాయా?" "కుట్టవు." పేరంటాలు చాలాసేపు బావిలోకి వంగి చూసిందంట, పిలిస్తే పలుకుతాయేమో అన్నట్టు.

బెల్లం పోయగా పోయగా పసుపు విరిగింది. కానీ వాసన! కుళ్ళిన గుడ్ల వాసన, వీధి వీధంతా. "పానకం తాగించి బావిని చంపావు కదే" అని ఎదురింటి నాంచారమ్మ ఎత్తిపొడిచింది. మన ఊళ్ళలో బావి కంపుకొడితే ఏం చేస్తాం, చెప్పండి? పేరంటాలూ అదే చేసింది. డబ్బా నిండా బ్లీచింగు పౌడరు కుమ్మరించింది. వాసన పోయింది. పోయిందని మురిసేలోపే పసుపు మళ్ళీ వచ్చింది.

యాస్మిన్ వచ్చి చూసి తల పట్టుకుంది. "పులిసే పిండిలో బ్లీచింగు పోస్తావా పెద్దమ్మా? అవీ పిండిని పులిపించే వాటి జాతివే కదా, చచ్చిపోయాయి! మట్టికి పట్టిన విషాన్ని కూడా ఆ బ్లీచింగే మళ్ళీ పసుపు చేసేసింది." పేరంటాలు మొహం ఇంతైపోయింది. అయినా ఊరుకోలా. "మరి కంపు కొడుతుందని ముందే చెప్పొద్దూ? కుడతాయా అని కూడా అడిగానే! ఇదెందుకు చెప్పలా?" ఆ పిల్ల తప్పు సగం నాదే అని ఒప్పుకుంది.

మళ్ళీ మొదలు. ఈసారి పానకం పేరంటాలే కలిపింది. కంపు మళ్ళీ లేచింది, నాంచారమ్మ బ్లీచింగు డబ్బాతో రానే వచ్చింది. పేరంటాలు బావి గట్టుకి అడ్డంగా కూర్చుని, "నా పిండి పులుస్తోంది వదినా, ముక్కు మూసుకుని పో" అందంట! అట్టా కాపలా కాసింది ఆ బావిని. ఎన్నాళ్ళకో కంపు తగ్గింది, నీళ్ళు తేటపడ్డాయి. పరీక్ష చేసి మంచివేనని యాస్మిన్ చెప్పాక, ఆ నీళ్ళతోనే పిండి రుబ్బి మొదటి వాయి దింపింది. ముందు చెయ్యి చాపిందెవరనుకున్నారు? నాంచారమ్మే.

ఇడ్లీ తింటున్న యాస్మిన్‌ని పేరంటాలు ఇంకో మాట అడిగిందంట. "ఆ షెడ్డాయన వేరే ఊళ్ళో వేరే పేరుతో బోర్డు కట్టాడంటగా. ఆయన్ని అరిగించుకునే పురుగు ఏ మట్టిలోనూ లేదా అమ్మాయ్?" ఆ పిల్ల నవ్వేసి ఇంకో ఇడ్లీ అందుకుంది. ఇక్కడ చదువుకున్నోళ్ళు ఇంతమంది కూర్చున్నారు, మీకేమన్నా తెలుసా?