ప్లగ్గు పీకిందెవరు?

సెలవుల తర్వాత తరగతి తలుపు తీయగానే సైన్సు టీచరు కొంగుతో ముక్కు మూసుకుంది. గుడ్లు పొదిగే కరెంటు పెట్టెలో బాతుగుడ్డొకటి పగిలి గదంతా కుళ్లు కంపు. వెనకాలే హెడ్‌మాస్టరు వచ్చాడు.

"ఛీ ఛీ, ఏం కంపమ్మా ఇది?"

"ప్లగ్గు ఎవరు పీకారు సార్?"

"నేనే. సెలవుల్లో కరెంటు దండగని."

"గుడ్లలో ప్రాణముందని మీకు చెప్పాను కదా!"

"పోనీలే. బజార్లో బాతుపిల్లలు దొరుకుతాయి, తెచ్చి పెట్టేయ్. తల్లిదండ్రులొచ్చి చూసి మురిసిపోతారు."

"మరి పెంకులు?"

"హోటల్లో అడిగి తెప్పిస్తా."

ఆమె మళ్లీ కొంగుతో ముక్కు మూసుకుంది. ఈసారి గుడ్ల కంపుకి కాదు.

"పిల్లలకి అబద్ధం చెప్పమంటారా?"

"వాళ్లకేం తెలుస్తుంది?"

అంతలో పిల్లలు బిలబిలమంటూ గుమ్మంలోకి వచ్చేశారు.

"సార్, బాతుపిల్లలు పుట్టాయా?"

హెడ్‌మాస్టరు టీచరు వైపు చూశాడు. ఆమె పక్కకి జరిగి దారిచ్చింది.

"మిమ్మల్నే అడుగుతున్నారు. చెప్పండి సార్."