తలుపు దగ్గర చెప్పాల్సిన మాట

ఇంటింటి ప్రచారానికి రిహార్సల్ జరుగుతోంది. అభ్యర్థి పార్టీ ఆఫీసు వెనక గది తలుపు కొట్టాడు. ఆయన ప్రసంగాలు రాసే అమ్మాయి ఓటరులా తలుపు తీసింది.

“ట్రాన్స్‌జెండర్ల గురించి మీ పార్టీ ఏమంటుంది సార్?”

“అందరూ మనవాళ్ళేనమ్మా. అది సరే, మీ వీధికి నీళ్ళొస్తున్నాయా?”

“నీళ్ళ మాట అంత తొందరగా ఎత్తకండి, తప్పించుకుంటున్నారని ఇట్టే తెలిసిపోతుంది. సరే, ఇంకొకటి. మీ అబ్బాయి అమ్మాయిగా మారాడట, నిజమేనా?”

ఆయన కండువా సర్దుకున్నాడు.

“మా అబ్బాయి పోయాడమ్మా. జ్వరమొచ్చి.”

ఒకప్పటి ఆ అబ్బాయే ఈ అమ్మాయి. అయినా ఆమె గొంతు తొణకలేదు.

“జ్వరం వద్దు నాన్నా, ఏ ఆస్పత్రి అని ఆరా తీస్తారు. యాక్సిడెంట్ అనండి. పోయాడన్నాక ఒక్క క్షణం ఆగండి, జాలిపడతారు.”

“ఇలాంటివి నీకే తడతాయి తల్లీ! మరి పోలింగ్ అయ్యేదాకా నువ్వు ఎవరి కంటా పడకు.”

“గెలిస్తే?”

“గెలిస్తే ఐదేళ్ళూ అంతే.”

ఆమె నవ్వింది.

“అయితే నా ఓటు కూడా మీరే వేయించుకోండి. చచ్చినవాళ్ళ ఓట్లు మన పార్టీకి పడటం కొత్తేం కాదుగా.”