మంచం మీద ఉన్నాడా, లేడా

అవునూ, ఒంట్లో బాగోలేదని ఫోనులో ఒక మాట చెప్తే మీ ఆఫీసులో సరిపోతుందా? ఎవరూ ఇంటికొచ్చి చూడరూ? అదృష్టవంతురాలివే. మా ప్రెస్సులో చూసేవాళ్ళు. ఎవరో ఎందుకు, నేనే చూసేవాణ్ణి. నవ్వకు, నిజమే. టైమ్‌కీపరంటే గేటు దగ్గర కూర్చుని ఎవడెన్నింటికొచ్చాడో రాసుకోవడం ఒక్కటే అనుకున్నావా? జబ్బు సెలవు పెట్టినవాళ్ళ ఇంటికి వారం వారం సైకిలేసుకుని వెళ్ళి చూసి రావడం కూడా నా పనే. పసుప్పచ్చ కార్డొకటి ఉండేది. దాని మీద ఒకటే ప్రశ్న, మనిషి మంచం మీద ఉన్నాడా, లేడా. అంతే. జ్వరమా, కాలు విరిగిందా, అవన్నీ డాక్టరు చూసుకుంటాడు. నాకు మంచమే ముఖ్యం. ఉన్నది ఉన్నట్టు రాసేవాణ్ణని పెద్ద గర్వం కూడాను. మీ అమ్మమ్మ అనేది, "మహా బయల్దేరాడమ్మా హరిశ్చంద్రుడు" అని. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదులే.

అప్పుడు కంపోజింగులో ఒకాయన ఉండేవాడు. వరసకేమీ కాడు, పిలుపుకి బావ. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం ఆయన పని. ఇరవై ఏళ్ళు నిలబడే చేశాడు. ఆ అక్షరాలన్నీ తిరగేసి ఉంటాయి కదా, అలవాటైపోయి ఏ కాగితాన్నయినా అవతలివైపు నుంచి గడగడా చదివేసేవాడు. మేనేజరు బల్లకి ఇవతల చేతులు కట్టుకుని నిలబడి, ఆయన ముందున్న ఉత్తరం మొత్తం చదివేసి వచ్చి మాకు చెప్పేవాడు. ఒకసారైతే మేనేజరు మావగారు రాసిన ఉత్తరం... సరే, అది వేరే కథ. ఎక్కడున్నాను? ఆఁ, నడుము. పేర్చిన పేజీ ఎంత బరువుంటుందో తెలుసా? అదెత్తబోయి ఓ రోజు అలాగే వంగుండిపోయాడు. నడుము నుంచి మడమ దాకా ఒకటే పోటు. డాక్టరు మూడు నెలలు సెలవు రాశాడు.

మొదటి వారం వెళ్ళాను. కిటికీలో అద్దం పెట్టుకుని, నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు! "రా బావా, రా" అని మొహం నిండా నవ్వు. అదేంటి బావా, పడుకోవా అన్నాను. "పడుకుంటే కాల్లో నిప్పులు పోసినట్టుంటుంది బావా. కూర్చున్నా అంతే. ఇలా గోడకి ఆనుకుని నిలబడితే కాస్త ప్రాణం కుదుటపడుతుంది" అన్నాడు. అయ్యో పాపం అన్నాను. అని, జేబులోంచి కార్డు తీసి రాశాను. లేడు, నిలబడి ఉన్నాడు. రెండో వారమూ అంతే. పోటు గురించి రాయడానికి అందులో చోటెక్కడుంది? ఉన్నా రాసేవాణ్ణో లేదో, నీ దగ్గర దాపరికమెందుకు.

మేనేజరు పిలిచాడు. ముక్కుతో మాట్లాడేవాడాయన. "ఏవయ్యా, ఇంట్లో నిలబడగలిగినవాడు ఇక్కడ నిలబడలేడా? ఇక్కడ పనే నిలబడి కదయ్యా! మూడో కార్డు కూడా ఇలాగే వస్తే సెలవు రద్దు. పనిలోకి రాకపోతే ఉద్యోగమూ రద్దు." లోపల బైండింగువాళ్ళు కూడా, "హాయిగా గడ్డం గీసుకుంటున్నాట్ట, మనకీ వస్తే బాగుండు అలాంటి నొప్పి" అని ఒకటే నవ్వులు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారే, ఆ పూజారిని నేనే. అప్పటికి తట్టలేదు. పైగా నేనేదో మహోపకారం చేస్తున్నట్టు, కూరల కొట్టు దగ్గర ఆయన భార్య కనిపిస్తే చెవిలో వేశాను. "చెల్లెమ్మా, నేనొచ్చే పూటకి మాత్రం మంచం మీద ఉండేలా చూడు, లేకపోతే ఉద్యోగానికే మోసం." ఆవిడ నావంక చూసి "అలాగే అన్నయ్యా" అంది.

ఉద్యోగం నిలిచిందిలే, అది ముందే చెప్పేస్తున్నా. తర్వాత ప్రూఫులు చూసే పనిలో వేశారు, ఎత్తు బల్ల దగ్గర నిలబడి చూసుకునేవాడు. పోయేదాకా నన్ను బావా అనే పిలిచాడు. ఆ రోజు సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, తప్పయిందని ఒక్క ముక్క అనలేదు. అదే...

మూడో వారం. వెళ్ళేసరికి మంచం మీద ఉన్నాడు, మెడదాకా దుప్పటి. నాకెంత సంతోషమో! కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గేటు గడియారం ఆగిపోవడం, కొత్త మిషను, మీ అమ్మ లెక్కల్లో తప్పడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. "ఊఁ" అంటాడు, "అలాగా బావా" అంటాడు. నుదుటి మీద చెమట. ఫ్యాను తిరుగుతోంటే ఈ చెమటేంటి బావా అని మళ్ళీ నా సోదిలో నేను పడ్డాను. చెల్లెమ్మ గుమ్మంలోకొచ్చి, "అన్నయ్యా, వాన వచ్చేలా ఉంది" అంది. పర్లేదమ్మా, గొడుగు తెచ్చుకున్నా అన్నాను. మళ్ళీ వచ్చింది. "అన్నయ్యా, చీకటి కమ్ముతోంది." అయితే ఇంకో గుక్క టీ పడెయ్యమన్నాను! గంటసేపు, గంట. లేచేముందు కార్డు తీసి, ఆయన ముందే రాసి, పైకి చదివి వినిపించాను. ఉన్నాడు. ఆయన నవ్వాడు కూడా.

వీధి చివరిదాకా వెళ్ళాక చూసుకుంటే గొడుగు లేదు. వెనక్కొచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, తోసుకుని వెళ్ళిపోయాను. గోడ పట్టుకుని మోకాళ్ళ మీదున్నాడమ్మా. లేవాలని చూస్తున్నాడు, కాలు నిలవడం లేదు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. చంకల కింద చేతులేసి ఆవిడ లేపుతోంది, దుప్పటి కొస ఆయన నోట్లో ఉంది. అరుపు నాకు వీధిలోకి వినపడుతుందని. నన్ను చూశాడు. చూసి ఏం చేశాడో తెలుసా? గోడ వదిలేశాడు. వదిలేసి, మంచం వైపు పాకడం మొదలెట్టాడు. "ఒక్క నిమిషం బావా, ఒక్క నిమిషం... పడుకుంటున్నా. కార్డు మార్చకు."

అంత నొప్పిలోనూ ఆయన భయపడింది నన్ను చూసి.

...ఏమీ లేదులే. ఆ రేడియో పెట్టు, వార్తల టైమైంది.