రేడియోలో ఆదినారాయణ గొంతు

ప్రొద్దుటూరులో హబీబుల్లా టీ అంగడికి కొత్తగా రేడియో వచ్చిన రోజులవి. ఒక సాయంత్రం పులివెందుల రైతు నారాయణ అక్కడ తల పట్టుకొని కూర్చున్నాడు. మరునాడే కూతురి పెండ్లి, నాదస్వరం ఊదే ఆయనకేమో నోరు పూసింది; ఇంకొకరి కోసం ప్రొద్దుటూరంతా తిరిగినా దొరకలేదు. పెండ్లి అనే మాట పక్కబల్ల మీది ఆదినారాయణ చెవిన పడింది. ఒక్క పెండ్లిలోనైనా తన పాటకచేరి పెట్టించుకోవాలని ఆయనకు ఎన్నేండ్ల ఆశో! గొంతు సవరించుకున్నాడు.

“దిగులెందుకు మామా, నేను పాడతా గదా! రేడియోలో రైతుల కార్యక్రమానికి ముందర వచ్చే పాట ఎవరిదనుకున్యావు? నాదే. కడపకు పిలిపించి, ‘స్వామీ, సంగీతం తెలిసినోళ్ళూ మెచ్చుకోవల్ల, మడక దున్నేటోళ్ళూ మెచ్చుకోవల్ల’ అనిరి. సరేలే అని తోడిరాగంలో ఇంత ఖవ్వాలీ కలిపి ఎత్తుకుంటి. ఎత్తుకుంటానే మైకు పగిలిపాయ! ఇంగోటి తెచ్చిరి, అదీ పాయ. ఆఖరికి నన్ను కడపలోనే నిలబెట్టి, మైకును చెన్నూరులో పెన్న గట్టున పెట్టిరి.”

“అంత దూరం ఇనపడెనా?” అన్నాడు హబీబుల్లా, టీ వడగడుతూ.

“ఇనపడేదేందప్పా, పెన్న నిలబడిపాయ! పారేది మరిచిపోయి ఇంటాంది. ఆ తర్వాత ఏమాయనో తెలుసునా? ముద్దనూరు స్టేషన్ దాటిపోయిన రైలు నా ఆలాపన ఇని ఎనక్కి ఎనక్కి వచ్చె. గార్డు జెండా ఊపుతాండాడు, అదీ తాళం తప్పకుండా! తొండూరు చేన్లలో శెనక్కాయలు భూమిలో ఉండలేక పైకొచ్చి తలలూపె. ఇంగ సూర్యుడు, గండికోట ఎనక మునగబోతా మునగబోతా ఆగి, ‘ఇంగొక్క చరణం’ అనె!”

“మా ఊర్లో మామూలుగానే చీకటిపడెనే,” అన్నాడు నారాయణ.

“మీ ఊర్లో మబ్బేసింటాదిలే మామా.”

“ఆ కార్యక్రమం ఇప్పుడే గదా,” అంటూ హబీబుల్లా రేడియో చెవి తిప్పాడు. గరగరమని, తర్వాత నాదస్వరం మోగింది. దాని వెనకాల డోలు. పాట లేదు, మాట లేదు. నేరుగా శెనగచేను పురుగుల సంగతి మొదలైంది.

“యాడప్పా నీ గొంతు?”

“ఆ ఊదేదే! నాదస్వరం అనుకున్యారా? శానామంది అట్లే అనుకుంటారు.”

“మరి డోలు?”

“కడుపు,” అని చరిచి చూపించాడు ఆదినారాయణ.

నారాయణ గబుక్కున లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“దేవుని మాదిరి దొరికితివి గదప్పా! పాటలొద్దు, కచేరీ వద్దు. రేపు విడిదింటి నుంచి పందిరి దాకా పెండ్లికొడుకు ముందర నడువు. గొంతు ఊదుకుంటా, కడుపు కొట్టుకుంటా పో, అంతే!”

సూర్యుణ్ణి ఆపిన గొంతులోంచి ముందు దగ్గొచ్చింది. తర్వాత సన్నగా మాటొచ్చింది.

“నాక్కూడా... నోరు పూసింది మామా.”